ఇంజను పక్కన జనరేటర్‌కు చోటెక్కడ?

పాత రైసు మిల్లులోకి తొంగిచూసిన వాళ్ళకు ఒక సంగతి వింతగా తోచే ఉంటుంది. ఇంజను ఒక మూల, అది తిప్పాల్సిన యంత్రం ఇంకో మూల, మధ్యలో బారలకొద్దీ బెల్టు. టూరింగ్ టాకీసు వెనక పాకలో డైనమోను తిప్పిన ఆయిలింజను దగ్గరా ఇదే తంతు. రెండింటినీ ఆనుకుని పెట్టేస్తే బోలెడు చోటు కలిసొచ్చేది కదా? చోటు దండగ చేసినట్టు కనిపించే ఆ ఏర్పాటు తెలివితక్కువ పని కాదు. ఎంత దూరం, ఏ దిక్కు అన్నదానికి లెక్క ఉంది. ఆ లెక్క తప్పితే బెల్టులు తెగుతాయి, బేరింగులు కాలిపోతాయి, ఒక్కోసారి మనుషుల చేతులు పోతాయి.

ఇదంతా పాత కాలపు ముచ్చట అనుకోనక్కర్లేదు. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణంలో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో తెచ్చిన ఒంటి సిలిండరు డీజిల్ ఇంజనుకు నకళ్ళు గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఇప్పటికీ తయారవుతున్నాయి. ఇంజనుకు రెండు వైపులా పెద్ద పెద్ద ఇనుప చక్రాలు, నిమిషానికి 650 చుట్లు, 6 హార్స్‌పవర్. మన పల్లెల్లో పొలం గట్టు మీద టక్‌టక్‌మంటూ నీళ్ళు తోడినవి ఈ జాతి ఇంజన్లే. కరెంటు లైను అందని చోట స్థిరపడిన అమెరికన్లు కొందరు వీటిని ఏరికోరి తెప్పించుకుని ఇంటి కరెంటుకు వాడుకున్నారు. కారణం ఒకటే. నింపాదిగా తిరుగుతుంది కాబట్టి అరుగుదల తక్కువ, ఏళ్ళ తరబడి మన్నుతుంది. అయితే ఆ నింపాదితనమే జనరేటర్ దగ్గరకొచ్చేసరికి చిక్కు తెచ్చిపెడుతుంది.

650 చుట్ల నుంచి 1500 చుట్లకు

మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మారి మళ్ళీ మొదటికి వస్తుంది. మామూలుగా దొరికే నాలుగు పోల్స్ జనరేటర్ ఒక్క చుట్టుకు ఇలాంటి ఆవృత్తాలు రెండు ఇస్తుంది. అంటే సెకనుకు 25 చుట్లు, నిమిషానికి 1500 చుట్లు తిరిగితేనే మనకు కావలసిన కరెంటు వస్తుంది. ఇంజను చూస్తే 650 దాటదు. రెండు షాఫ్టులనూ ఎదురెదురుగా పెట్టి నేరుగా కలిపే వీలు లేదు. కాబట్టి బెల్టు తప్పదు.

వేగం పెంచేది పుల్లీల కొలతల తేడా. ఇంజను చక్రం అడ్డుకొలత 60 సెంటీమీటర్లు అనుకుందాం. దాని అంచు మీదుగానే బెల్టు వేస్తే, జనరేటర్‌కు 26 సెంటీమీటర్ల పుల్లీ పెట్టాలి. చేతికి దొరికింది కదా అని 20 సెంటీమీటర్ల పుల్లీ బిగిస్తే జనరేటర్ 1950 చుట్లకు ఎగబాకుతుంది. కరెంటు 50 బదులు 65 ఆవృత్తాలతో వస్తుంది. మోటార్లు వాటికి రాసిపెట్టిన వేగాన్ని దాటి పరిగెడతాయి. జనరేటర్ లోపల రాగి తీగ చుట్లు బయటికి చిమ్ముకుపోయే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. తీరా చేసిన పొరపాటల్లా ఆరు సెంటీమీటర్లు!

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది

బెల్టుకు పళ్ళు లేవు, గొలుసు కాదు. కేవలం రాపిడితో పుల్లీని తిప్పుతుంది. ఆ పట్టు ఎంత ఉంటుందన్నది బిగువు ఒక్కటే తేల్చదు. పుల్లీని బెల్టు ఎంతమేర చుట్టుకుందన్నది కూడా అంతే ముఖ్యం. కోడెదూడ మెడతాడు గుంజకు ఒక చుట్టు వేసి పట్టుకుంటే అది మనల్ని ఈడ్చుకుపోతుంది. అదే తాడు మూడు చుట్లు వేసి కొస పట్టుకుంటే పసిపిల్లవాడైనా ఆపగలడు. చుట్టు పెరిగేకొద్దీ పట్టు కూడికలా కాదు, హెచ్చవేతలా పెరుగుతుంది. బెల్టుదీ అదే సూత్రం. కాకపోతే పుల్లీ మీద దానికి దొరికేది ఒక పూర్తి చుట్టు కూడా కాదు. మహా అయితే అర చుట్టు, అంటే 180 డిగ్రీలు.

పుల్లీలు రెండూ ఒకే కొలత అయితే ఆ అర చుట్టు పూర్తిగా దక్కుతుంది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నదైతే చిన్నదాని మీద చుట్టు తగ్గిపోతుంది. రెంటినీ దగ్గరికి జరిపేకొద్దీ ఇంకా తగ్గుతుంది. మన ఉదాహరణలో 60, 26 సెంటీమీటర్ల చక్రాల కేంద్రాల మధ్య అర మీటరు దూరం ఉంటే చిన్న పుల్లీని బెల్టు 140 డిగ్రీల మేర మాత్రమే పట్టుకుంటుంది. మీటరు దూరానికి 160 డిగ్రీలు వస్తాయి. ఒకటిన్నర మీటర్లకు 167.

ఈ మూడు అంకెల్లోనే జనరేటర్ చోటు దాదాపు తేలిపోయింది. అర మీటరు నుంచి మీటరుకు జరిపితే లాభం 20 డిగ్రీలు. ఇంకో అర మీటరు జరిపినా వచ్చేది ఏడే. పైగా బెల్టు పొడవు పెరిగితే అది కొట్టుకోవడం, ఊగడం మొదలవుతుంది. కాబట్టి ఈ కొలతల ఇంజనుకు మీటరు, ఆ పైన కాస్త. అంతే చాలు. రైసు మిల్లుల్లో అంతకు ఎన్నో రెట్లు దూరం ఎందుకుందంటే, అక్కడ వెడల్పాటి బరువైన బెల్టులు తమ బరువుకే కిందికి వాలి పుల్లీని పట్టుకునేవి. చిన్న ఇంజనుకు ఆ హంగామా అవసరం లేదు.

దగ్గరగా పెడితే జరిగేది ఇంకొకటుంది. చుట్టు చాలక బెల్టు జారుతుంది. జారుతోందని మనం బిగిస్తాం. బిగిస్తే బేరింగు వేడెక్కుతుంది. వేడెక్కిందని గ్రీజు కొడతాం. రోగం మాత్రం జనరేటర్ నిలబెట్టిన చోట ఉంటుంది.

వదులు పైన, బిగువు కింద

దూరం తేలాక దిక్కు. ఇంజనుకు కుడి పక్కన పెట్టాలా, ఎడమ పక్కనా? ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేవాళ్ళే ఎక్కువ. ఆ నిర్ణయం ఇంజను తిరిగే దిశను బట్టి జరగాలి.

నడుస్తున్న బెల్టులో ఒక వరుస బిగుతుగా, రెండోది వదులుగా ఉంటుంది. ఇంజను చక్రం తన వైపు గుంజుకునే వరుస బిగువు. జనరేటర్ వైపు పంపించే వరుస వదులు. వదులు వరుస పైన ఉంటే అది కాస్త కిందికి వాలి చిన్న పుల్లీని మరింతగా చుట్టుకుంటుంది. ఖర్చు లేకుండా పట్టు పెరిగింది. అదే వదులు వరుస కింద ఉంటే నేల వైపు వేలాడి పుల్లీ నుంచి దూరంగా జరుగుతుంది. ఉన్న పట్టు కూడా పోతుంది. సందులో చెత్త, గోనెపట్టాలు ఉంటే వాటినీ లాక్కుంటుంది.

పరీక్ష తేలిక. జనరేటర్ మీకు కుడి పక్కన, ఇంజను ఎడమ పక్కన కనిపించేలా నిలబడండి. ఇంజను చక్రం గడియారం ముల్లులా తిరుగుతుంటే బిగువు వరుస కింద ఉంది, సరిగ్గా పెట్టినట్టే. ఎదురు తిరుగుతుంటే జనరేటర్‌ను ఇంజనుకు రెండో పక్కకు మార్చాలి. ఆ పక్కన గోడో సైలెన్సరో అడ్డుగా ఉండి మార్చే వీలు లేకపోతే, వదులు వరుస మీద ఒత్తి పట్టే చిన్న పుల్లీ ఒకటి అమర్చాలి. నా మట్టుకు అది రెండో మార్గమే. ఎన్ని తిరిగే భాగాలు పెరిగితే అన్ని ప్రమాదాలు.

త్రీఫేజు జనరేటర్ అయితే ఇంకో మెలిక. దాన్ని ఎదురు దిశలో తిప్పితే ఫేజుల వరుస తారుమారై, దానికి తగిలించిన మోటార్లన్నీ వెనక్కి తిరుగుతాయి. వైర్లు మార్చి సరిచేసుకోవచ్చు కానీ, ముందే తెలిసి ఉండాలి.

చిన్న పుల్లీ చేసే పెద్ద చేటు

ఇంజను చక్రం మీదుగా బెల్టు వేయడం కొందరికి నచ్చదు. షాఫ్టు కొసకు ఒక చిన్న పుల్లీ బిగిస్తే సరిపోదా అంటారు. లెక్క చూద్దాం.

6 హార్స్‌పవర్ అంటే సుమారు 4.5 కిలోవాట్లు. 60 సెంటీమీటర్ల చక్రం మీద బెల్టు సెకనుకు 20 మీటర్లు పరిగెడుతుంది. అంత వేగంతో ఆ శక్తిని మోయడానికి బిగువు వరుసకూ వదులు వరుసకూ మధ్య 23 కిలోల లాగుడు తేడా ఉంటే చాలు. అదే 20 సెంటీమీటర్ల పుల్లీ మీద బెల్టు వేగం సెకనుకు ఏడు మీటర్లు కూడా ఉండదు. అంతే శక్తికి లాగుడు తేడా 67 కిలోలు కావాలి. రెండు వరుసల లాగుడూ కలిసి షాఫ్టును పక్కకు గుంజే బలం ఈ తేడాకు దాదాపు రెట్టింపు ఉంటుంది. పెద్ద చక్రం మీద 45 కిలోల చుట్టుపక్కల పోయేది, చిన్న పుల్లీతో 130 దాటుతుంది. జనరేటర్ పుల్లీ కూడా తొమ్మిది సెంటీమీటర్ల లోపుకు కుంచించుకుపోతుంది. అంత చిన్న వంపు మీద మళ్ళీ మళ్ళీ వంగి లేచే బెల్టు ఎన్నాళ్ళు బతుకుతుంది?

ఈ పక్క లాగుడు గురించే కొనేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి. నేరుగా ఇంజనుకు బిగించే సెట్లలోని జనరేటర్లు కొన్నింటికి బేరింగు ఒక్కటే ఉంటుంది. రెండో కొసను ఇంజనే మోస్తుంది. పాత సెట్టు నుంచి ఊడదీసిన అలాంటిదాన్ని బెల్టుకు వాడకూడదు. రెండు బేరింగులుండాలి, బెల్టు లాగుడు మోయగలదని తయారీదారు చెప్పి ఉండాలి. పుల్లీని కూడా షాఫ్టు కొసన కాకుండా బేరింగుకు వీలైనంత దగ్గరగా ఎక్కించాలి. బయటికి జరిగిన ప్రతి సెంటీమీటరుకూ షాఫ్టు వంపు పెరుగుతుంది.

బాక్సు: చదును బెల్టు పక్కకు ఎందుకు జారిపోదు?

పుల్లీ అంచులకు గట్లు లేకపోయినా చదును బెల్టు నడిమధ్యనే పరిగెడుతుంది. దగ్గరగా చూస్తే పుల్లీ నడుమ కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. బెల్టు వేస్తే ఆ ఉబ్బు మీద నుంచి జారి పక్కకు పడిపోవాలి కదా అనిపిస్తుంది. జరిగేది తలకిందులు. బెల్టు ఒక పక్కకు జరిగిందనుకోండి. దాని లోపలి అంచు ఎత్తయిన భాగం మీద, బయటి అంచు పల్లపు భాగం మీద ఉంటాయి. ఎత్తు మీది అంచు ఎక్కువ సాగుతుంది. దాంతో పుల్లీ వైపు వస్తున్న బెల్టు ముక్క కొద్దిగా ఎత్తు వైపుకే ఒంగుతుంది. తరవాత పడే ముక్క ఇంకాస్త మధ్యకు పడుతుంది. ఇలా చుట్టు చుట్టుకూ జరుగుతూ నడుమకు చేరి కుదురుకుంటుంది. రెండు పుల్లీల్లో ఒకదానికి ఉబ్బు ఉంటే చాలు కాబట్టే, ఇంజను చక్రం అంచు చదునుగా ఉన్నా పని జరుగుతుంది. అయితే ఈ గారడీ చిన్న తప్పునే సరిదిద్దగలదు. షాఫ్టులు రెండూ సమాంతరంగా లేకపోతే ఏ ఉబ్బూ కాపాడదు. ఒక నూలు తాడును ఇంజను చక్రం ముఖానికి ఆనించి జనరేటర్ పుల్లీ వరకు బిగబట్టి చూడండి. పుల్లీ, చక్రం ఒకే వెడల్పువైతే తాడు నాలుగు చోట్ల తాకాలి. వెడల్పులో తేడా ఉంటే పుల్లీ రెండు అంచుల దగ్గరా ఒకే సందు ఉండాలి.

మనిషి నిలబడే చోటు

ఇంతవరకు యంత్రానికి ఏది మంచిదో చూశాం. అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది.

ఇంజను చక్రాలు ఒక్కొక్కటి 60 కిలోలున్నాయనుకుంటే, 650 చుట్ల వేగంలో ఆ రెంటిలో దాగిన శక్తి క్వింటాలు బరువును 15 మీటర్ల పైకి ఎత్తడానికి సరిపోతుంది. ఒంటి సిలిండరు ఇంజనుకు రెండు చుట్లకు ఒక్కసారే మంట పడుతుంది. మిగతా సమయమంతా ఇంజనును నడిపేది ఈ దాచిన శక్తే. కాబట్టి చక్రాలు బరువుగా ఉండి తీరాలి. డీజిల్ ఆపేసిన తరవాత కూడా అవి అంత తొందరగా ఆగవు.

చక్రం అంచు గంటకు 73 కిలోమీటర్ల వేగంతో వెళుతుంది. బెల్టూ అంతే. చెయ్యి చిక్కిందని మెదడు గ్రహించి వెనక్కి లాక్కునే పావు సెకనులో బెల్టు అయిదు మీటర్లు వెళ్ళిపోతుంది. మీటరు దూరంలో పెట్టిన మన బెల్టు మొత్తం పొడవే సుమారు 3.4 మీటర్లు. అంటే మనకు తెలిసేలోపు ఒకటిన్నర చుట్లు. మనిషి చురుకుదనం ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

చెయ్యి లాక్కుపోయే చోట్లు రెండు. మనం పైన చెప్పినట్టు పెడితే, పై వరుస జనరేటర్ పుల్లీ మీదకు ఎక్కే చోటు ఒకటి, కింది వరుస ఇంజను చక్రాన్ని చేరే చోటు రెండోది. అర మీటరు దూరంలో పెడితే చక్రాల అంచుల మధ్య మిగిలేది ఏడు సెంటీమీటర్లు, చెయ్యి ఇరుక్కునే సందు. మీటరు దూరంలో పెడితే 57 సెంటీమీటర్లు, మనిషి దాటిపోవచ్చనిపించే సందు! రెండోదే ఎక్కువ భయపడాల్సింది. దారిలా కనిపించే చోట ఎవరో ఒకరు నడుస్తారు.

తెగిన బెల్టు, విరిగిన చక్రం ముక్క చిమ్మేది ప్రధానంగా చక్రం తిరిగే తలంలోనే. ఇంజను ముందూ వెనకా, పైన, బెల్టు గీసిన గీత వెంబడి. ఆ గీతను గోడ దాకా పొడిగించుకోండి. స్విచ్చిబోర్డు, డీజిల్ ట్యాంకు, కుర్చీ, తలుపు ఏవీ ఆ గీత మీద ఉండకూడదు. హ్యాండిల్ తిప్పి స్టార్టు చేసే పక్కన ఉన్న చక్రానికి బెల్టు వేయకుండా రెండో పక్క చక్రానికి వేయడం మేలు. లేదంటే హ్యాండిల్ తిప్పే మనిషి భుజం బెల్టుకు జానెడు దూరంలో ఉంటుంది.

పోత ఇనుప చక్రం పగలడం అరుదే. అసాధ్యం కాదు. చక్రాన్ని చీల్చే బలం వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. పాత ఇంజినీర్లు ఇలాంటి చక్రాల అంచు వేగాన్ని సెకనుకు సుమారు 30 మీటర్ల లోపు ఉంచేవారు. 60 సెంటీమీటర్ల చక్రానికి అది నిమిషానికి 950 చుట్ల చిల్లర. మనం నడిపేది 650కి. మధ్యలో ఉన్న ఎడం మరీ ఎక్కువేమీ కాదు.

ఇంజను ఆ హద్దు ఎందుకు దాటుతుంది? వేగాన్ని అదుపు చేసే గవర్నరు పట్టేసినా, డీజిల్ పంపు లివరు తెరుచుకుని ఇరుక్కుపోయినా, ఇంజనాయిలు గాలిదారి గుండా సిలిండర్లోకి చేరి మండడం మొదలైనా. పెట్రోలు ఇంజనుకైతే నిప్పురవ్వ ఆపితే చాలు. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వే లేదు. నలిగిన గాలి వేడికి మండుతుంది. దాన్ని ఆపాలంటే డీజిల్ కట్టేయాలి, అది చాలకపోతే గాలి మూసేయాలి. గాలి మూయడానికి అరచెయ్యి అడ్డుపెడితే ఇంజను దాన్ని పీల్చి పట్టేస్తుంది. ఆ కొలతకు సరిపడే చెక్కపలక ఒకటి అక్కడే వేలాడదీసి ఉంచాలి.

అందుకే జనరేటర్ చోటు నిర్ణయించేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న ఇదే: ఇంజనును ఆపే లివరును చేరడానికి బెల్టు దాటాలా? దాటాలంటే ఆ చోటు పనికిరాదు. మిగతావన్నీ ఎంత చక్కగా కుదిరినా సరే. ఇంజను అదుపు తప్పిన క్షణంలో బెల్టు మీదుగా వంగే మనిషి పరిస్థితి ఊహించుకోండి.

జాలీ లేని చక్రం

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లో, ఇంజనుకు బిగించిన ప్రతి ఫ్లైవీలుకూ, అంటే ఇలాంటి బరువైన చక్రానికి, గట్టి కంచె ఉండాలని రాశారు. అది ఇంజను గదిలో ఉన్నా బయట ఉన్నా సరే అని మరీ నొక్కి చెప్పారు. 22వ సెక్షన్ తిరుగుతున్న యంత్రం దగ్గర పనిచేసేవారికి ఒంటిని అంటిపెట్టుకుని ఉండే దుస్తులు ఉండాలంది. చేలో పాకకు ఆ చట్టం వర్తించి ఉండకపోవచ్చు. లుంగీకి, చీర కొంగుకు, చున్నీకి, జడకు ఆ తేడా తెలియదు.

బెల్టుకు రెండు పక్కలా, పైనా ఇనుప జాలీ పెట్టాలి. వేలు దూరని కన్నాలుండాలి. బెల్టు లేని రెండో చక్రాన్ని కూడా మూయాలి. చక్రాన్ని షాఫ్టుకు బిగించే తాళం చీల చాలా ఇంజన్లలో తల బయటికి పొడుచుకుని ఉంటుంది. తిరిగేటప్పుడు అది కంటికి ఆనదు, బట్టను మాత్రం వదలదు. దానికీ మూత పెట్టాలి. నడుస్తున్న ఇంజను మీద బెల్టు ఎక్కించడం, జారుతున్న బెల్టుకు జిగట పూయడం కొందరు పనితనంగా చెప్పుకుంటారు. అందులో పనితనం ఏమీ లేదు.

పునాది, పొగ, ఎర్తు

ఈ ఇంజను నిమిషానికి 650 సార్లు పైకీ కిందికీ అదురుతుంది. ఇంజను కాంక్రీటు దిమ్మ మీద, జనరేటర్ వట్టి నేల మీద ఉంటే కొన్నాళ్ళకు వరుస తప్పుతుంది. ఒకే దిమ్మ, లేదా ఒకే ఇనుప చట్రం ఉండాలి. జనరేటర్ కింద ముందుకూ వెనక్కూ జరిపే పట్టాలుంటే బెల్టు బిగువు బోల్టులతో సరిచేసుకోవచ్చు. అదీ చక్రం పూర్తిగా ఆగాకే.

సైలెన్సరు వేడిగాలి, పొగ జనరేటర్ గాలి పీల్చుకునే వైపుకు రాకూడదు. పొగగొట్టం గది బయటికి, తాటాకు కప్పుకు దూరంగా పోవాలి. మూసిన గదిలో డీజిల్ పొగ కూడా ప్రాణం తీస్తుంది. జనరేటర్ ఒంటికి ఎర్తు తీగ తప్పనిసరి. చదును బెల్టు రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తుకూ అదే దారి. ఇంటి లైనుకు కలిపేటప్పుడు చేంజోవరు స్విచ్చి లేకపోతే మన కరెంటు వెనక్కి లైనెక్కి, ట్రాన్స్‌ఫార్మరు దాటి హైటెన్షన్ కరెంటుగా మారి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌ను చంపుతుంది.

కొత్తగా కొనేవారు ఇంజనూ జనరేటరూ నేరుగా కలిసి వచ్చే సెట్టే కొనుక్కోవడం మంచిది. అందులో బెల్టు గొడవే లేదు. పాత ఇంజను ఉంది, దానికి జనరేటర్ తగిలించాలి అనుకునేవారు పుల్లీ కొలతకన్నా ముందు ఆపే లివరు ఎక్కడుందో, చక్రం ఎటు తిరుగుతుందో చూసుకోండి. గీత గీసి చోటు తేల్చుకోండి. జాలీ బిగించేదాకా హ్యాండిల్ ముట్టుకోకండి, పరీక్ష కోసం ఒక్క నిమిషం తిప్పి చూద్దామని కూడా.